ఊఁ కొట్టిన పాపానికి

శనివారం పొద్దున డూగల్ పైబస్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. భార్య రేలీన్ ముందురోజే కింగ్ ఐలండ్ అనే దీవిలో ఉన్న తనవాళ్లను చూసి రావడానికి విమానం ఎక్కింది. మంగళవారం దాకా ఇల్లంతా అతనిదే. గుడ్లూ బేకనూ వేయించుకుని తినడం, రేడియోలో తోటపని కార్యక్రమం వింటూ వెనక వసారా గదిలో పులుస్తున్న సొంత బీరును సీసాల్లోకి దింపడం, మధ్యాహ్నం ఫుట్‌బాల్ చూడటం. మా బర్నీ ఊళ్లో యాభై దాటిన మగవాడు శనివారం నుంచి ఇంతకంటే ఎక్కువ కోరుకుంటే అత్యాశ కిందే లెక్క.

గుడ్లు బాగానే వేగాయి. రేడియో మాత్రం కిక్కురుమనలేదు. సెల్లులు అయిపోయాయి. ఇంట్లో కొత్తవి లేవు. నిమ్మచెట్టుకు పురుగు పట్టిందని ఊరూరి నుంచీ ఫోన్లు చేసేవాళ్ల గోడు వినకపోతే డూగల్‌కు శనివారం శనివారంలా ఉండదు. అటూ ఇటూ చూస్తే వంటింటి బల్ల మీద రేలీన్ ఆటపెట్టె కనిపించింది.

అది అరచేతిలో పట్టే బూడిదరంగు పెట్టె, ముప్పయ్యేళ్ల కిందటి సరుకు. పెసరపచ్చ తెర, కింద రెండు గుండ్రటి మీటలు, వెనక క్యాసెట్ దూర్చే గాడి. ఇలాంటి పాత పెట్టెల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు తయారుచేసేవాళ్లున్నారు. పెద్ద కంపెనీలు కావు. ఇద్దరో ముగ్గురో ఇంట్లో కూర్చుని కథ అల్లి, బొమ్మలు గీసి, క్యాసెట్‌లోకి ఎక్కించి అడిగినవాళ్లకు పంపిస్తారు. రేలీన్ ఆడేది అడిలైడ్‌లో ఎవరో అక్కాచెల్లెళ్లు చేసిన 'ఆఖరి పడవ'. అందులో కాల్చడాలూ గెంతడాలూ ఉండవు. ఆడేవాళ్లు దీవుల మధ్య పడవ నడపాలి. ఎక్కినవాళ్లు తమ కథ చెప్పుకుంటారు. అది విని, ఎవరిని ఏ రేవులో దించాలో తేల్చాలి. దిగిన రేవును బట్టి వాళ్ల బతుకు మారిపోతుంది.

డూగల్ ఆ పెట్టెలోంచి సెల్లులు ఊడబెరికి రేడియోలో వేశాడు. నిమ్మచెట్ల కార్యక్రమం అయిపోగానే, మళ్లీ మరిచిపోతానేమోనని వెంటనే తీసి పెట్టెలో పెట్టేశాడు. పెద్దమనిషి కనక అక్కడితో ఆగకుండా, పనిచేస్తోందో లేదో చూద్దామని మీట కూడా నొక్కాడు. తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. ఇంకో మీట నొక్కాడు. కొత్త ప్రయాణం మొదలుపెడితే పాతది చెరిగిపోతుంది, సరేనా అని పెట్టె అడిగింది. డూగల్ సరే అన్నాడు. చదవకుండా సరే అనడం అతనికి పుట్టుకతో వచ్చింది. బ్యాంకువాళ్లతోనూ అంతే, సర్వేలు చేసేవాళ్లతోనూ అంతే.

పడవ మొదటి రేవులో ఖాళీగా నిలబడ్డాక గానీ ఏం జరిగిందో అతనికి తట్టలేదు. ఆ క్యాసెట్‌లో ఒకేసారి ఒక్క ప్రయాణమే దాచుకోవచ్చు. రేలీన్ నెలల తరబడి నడిపిన ప్రయాణం అందులో లేదు.

అతనికి చెమటలు పట్టింది ఆట పోయినందుకు కాదు. పోయినేడు ముప్పయ్యో పెళ్లిరోజుకు ఏం కావాలని అడిగితే రేలీన్ నగలు అడగలేదు, ఊళ్లు తిప్పమనలేదు. సాయంత్రం భోజనం దగ్గర ఓ అరగంట తను చెప్పేది వినమంది, అంతే. "విన్నట్టు నటిస్తున్నావని తెలిసిందో, ఆ రోజుతో సరి. ఇంక నీకేదీ చెప్పను" అని కూడా అంది. రేలీన్ అన్నంత పనీ చేసే మనిషి. ఓసారి సొంత చెల్లెలితో మాటలు మానేసి, రెండు క్రిస్మస్‌లు ఒకే బల్ల దగ్గర కూర్చుని కూడా ఉప్పు మూడో మనిషి చేత అడిగించుకుంది. డూగల్ ఒప్పుకున్నాడు. అప్పటినుంచీ ఆమె చెబుతుంటే అతను బల్ల కింద ఫోన్‌లో ఫుట్‌బాల్ జోస్యాలు చూసుకుంటూ, ఆమె ఆగిన చోటల్లా ఊఁ కొడుతూ వస్తున్నాడు. అతన్ని మరీ తిట్టుకోనక్కర్లేదు. ఆమె గొంతు వినడం అతనికి నిజంగా ఇష్టం. ఆ గొంతు లేని పూట అతనికి ముద్ద దిగదు. మాటల దగ్గరే కొంచెం ఇబ్బంది.

ఆట మళ్లీ మొదటినుంచి ఆడి, ఆమె వచ్చేలోగా ఆపిన చోటికి చేర్చడం ఒక్కటే దారి. అయితే ఏ రేవుకు వెళ్లినా అక్కడ దిగినవాళ్లు నిలబడి కనిపిస్తారు. దర్జీ ఆవిడ ఉండాల్సిన చోట తాగుబోతు పాటగాడు నిలబడి ఉంటే రేలీన్ ఇట్టే పసిగడుతుంది. ఆమె ఎవరిని ఎక్కడ దించిందో తెలియాలి. అవన్నీ ఆమె అతనికి చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఎంత బుర్ర గోక్కున్నా అతనికి గుర్తొచ్చింది ఒక్క పెద్దాయనే. దీవిలో ఒంటరిగా ఉంటాడు. తెల్ల కాకతువ్వను పెంచుకుంటున్నాడు. మోకాళ్లు బాగాలేవు. చలికాలం వచ్చేలోగా ఆయన్ను అక్కణ్నుంచి తీసుకురావాలా వద్దా అని రేలీన్ చాలా రోజులు మథనపడింది. "నువ్వేమంటావు? రమ్మందామా?" అని అడిగిన ప్రతిసారీ డూగల్ "ఊఁ, రమ్మను" అన్నాడు. అది మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే చాలాసార్లు అన్నాడు.

సరే, ఆ పెద్దాయన దొరికేదాకా ఆడదామని కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. పెసరపచ్చ తెర మీద గోరంత మనుషులు ఒక్కొక్కరే పడవెక్కి తమ సంగతులు చెప్పుకొస్తుంటే, ముప్పయ్యేళ్లుగా ఎవరి మాటా పూర్తిగా వినని మనిషి నోరు తెరుచుకుని చదివాడు. కాసేపటికి దీపస్తంభం ఉన్న దీవి వచ్చింది. అక్కడ టోబయాస్ అనే ముసలాయన ఉన్నాడు. దీపం ఆర్పేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఇక ఆయనతో ఎవరికీ పనిలేదు. తీసుకెళతావా, వదిలేస్తావా అని ఆట అడుగుతోంది. ఆయనకు కాకతువ్వ మాత్రం లేదు. మోకాళ్లూ బాగానే ఉన్నట్టున్నాయి, రోజూ స్తంభం ఎక్కి దిగుతున్నాడు. ఎక్కడో తప్పు దారి పట్టానని డూగల్ బెంబేలెత్తిపోయాడు.

రేలీన్ మనసులో మాట ఇంకెవరికైనా తెలుసంటే అది గ్లెండాకే. ఆమె చర్చివాళ్ల పాతసామాన్ల కొట్టు చూసుకుంటుంది. కొట్టు కట్టేసేలోగా డూగల్ అక్కడికి పరుగెత్తాడు. చెరిపేసిన సంగతి బయటపడకుండా ఎలా అడగాలో దారంతా సాధన చేసుకున్నాడు.

"గ్లెండా, ఆ పెద్దాయన విషయం రేలీన్ చివరికి ఏం తేల్చుకుందో నీకేమైనా చెప్పిందా?"

గ్లెండా మడతపెడుతున్న స్వెట్టర్ పక్కన పెట్టింది. "ఇంకా తేల్చుకోలేదనే చెప్పింది. నువ్వు మాత్రం మొదటిరోజే రమ్మన్నావంట కదా. నేను నమ్మలేదు సుమా."

"అన్నాను. కానీ అక్కడే వదిలేస్తే ఆయన ఏమైపోతాడోనని పొద్దుట్నుంచీ ఒకటే బెంగగా ఉంది." టోబయాస్ దీపం తుడుచుకునే దృశ్యం గుర్తొచ్చి డూగల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయనకంటూ ఎవరూ లేరు గ్లెండా."

డూగల్ కంట నీరు చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. తండ్రి పోయినప్పుడు కూడా అతను సమాధి పక్కన నిలబడి వాన గురించి మాట్లాడాడు. గ్లెండా కదిలిపోయింది. తీసుకొచ్చెయ్యడమే మంచిదనీ, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడనీ చెప్పింది.

"మరి కాకతువ్వ మాటేమిటి?" అన్నాడు డూగల్.

"అది లేకుండా ఆయన అడుగు బయటపెడతాడా?" అని గ్లెండా లోపలికి వెళ్లి, ఎవరో ఇచ్చిపోయిన పెద్ద ఇనుప పంజరం ఈడ్చుకొచ్చి అతని చేతిలో పెట్టింది. డూగల్ ఆశ్చర్యపోలేదు. ఆ కొట్టుకు వెళ్లినవాళ్లెవరూ ఏదో ఒక అమ్ముడుపోని వస్తువు మోసుకోకుండా ఇంటికి రారు. పోయినసారి అతనికి సగం చదరంగం దొరికింది.

ఇంటికొచ్చి టోబయాస్‌ను పడవ ఎక్కించాడు. ప్రాణం కుదుటపడింది.

ఆదివారం పొద్దున ఎదురింటావిడ పెద్ద గాజుపాత్రలో లసాన్యా అనే వంటకం పట్టుకొచ్చింది. పాత్ర తిరిగిరావాలని అడుగున టేపు అంటించి పేరు రాసి ఉంది. మా ఊళ్లో చావుకైనా, కాన్పుకైనా, ఇంకే కష్టానికైనా ఇలాగే వస్తుంది తిండి. ఆమె డూగల్ చెయ్యి పట్టుకుని, నువ్వు చేస్తున్నది ఎంత పెద్ద పనో నీకు తెలియదంది. తరవాత పక్కింటివాళ్లు, ఆ తరవాత చర్చివాళ్లు వచ్చారు. మధ్యాహ్నానికి ఫ్రిజ్ తలుపు మూయడానికి మోకాలు ఆనించాల్సి వచ్చింది.

డూగల్ దీనికి ఒక్కటే అర్థం చెప్పుకున్నాడు. గ్లెండా గడుసుది, అతను ఎంత దాచినా పసిగట్టేసింది. భార్య ఆట చెరిపేసి, ఆమె వచ్చేలోగా మళ్లీ మొదటినుంచి ఆడుతున్నాడని ఊరంతా చాటేసింది. పెళ్లాం కోసం మొగుడు ఇంత అవస్థ పడటం చూసి ఊరు కరిగిపోయింది. మనుషులు మంచివాళ్లు. తిండి కూడా వండుకోలేకుండా ఆడుతున్నాడని కనిపెట్టి వంటలు తెస్తున్నారు. రేలీన్‌కు మాత్రం చెప్పొద్దని వచ్చిన ప్రతివాళ్లనూ బతిమాలాడు. అతను తన గొప్ప చెప్పుకోవడానికి ఇష్టపడటం లేదని వాళ్లు మరింత మెచ్చుకున్నారు.

"అంత బరువు ఒక్కడివే ఎలా మోస్తావు?" అని చర్చావిడ అడిగితే, "తప్పు నాది. నేనే మొయ్యాలి" అన్నాడు. ఆమె ముక్కు చీదుకుంటూ వెళ్లింది.

సాయంత్రం రేలీన్ ఫోన్ చేసింది. సరిగ్గా అప్పుడే ఆటలో తుపాను. టోబయాస్‌తో సహా పడవ నిండా జనం, చుక్కాని పట్టుకున్నది డూగల్. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రెండు చేతులతో మీటలు నొక్కుతున్నాడు. గ్లెండా ఏదో చెప్పిందని రేలీన్ అంటోంది. నువ్వు నిజంగానే అంటున్నావా అని అడిగింది. ఊఁ అన్నాడు. మొహమాటానికి అనడం లేదు కదా అని అడిగింది. లేదన్నాడు. వద్దనుకుంటే ఇప్పుడైనా వద్దని చెప్పొచ్చంది. అంతలో పెద్ద అల ఒకటి వచ్చింది. "అబ్బే, వద్దనేదేముంది" అన్నాడు డూగల్. ఆమె నీరసంగా సరేనని పెట్టేసింది. పడవ గట్టెక్కింది.

సోమవారానికి కూడా ఆట సగంలోనే ఉంది. పనిలోకి వెళ్లే ప్రసక్తే లేదు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి ఓ రోజు ఎగ్గొట్టడం ఈ దేశంలో తప్పు కాదు, అదొక కళ. గొంతు బొంగురుగా ఉండాలి, జబ్బు పేరు వివరంగా చెప్పకూడదు. డూగల్ ఊరి కౌన్సిల్ రోడ్ల విభాగంలో పనిచేస్తాడు. అతని పై అధికారి ట్రిష్‌కు పొద్దున్నే ఫోన్ చేసి, పొట్ట దగ్గర మొదలుపెట్టాడు.

"ఆ గొంతు ఆపు డూగల్, నాకంతా తెలుసు" అంది ట్రిష్.

డూగల్ గొంతు వెంటనే మామూలైపోయింది.

"సిక్ లీవ్ ఎందుకు పాడుచేసుకుంటావు? ఇంటి మనిషిని చూసుకోవడానికి వేరే సెలవుంది. అది రాసేస్తున్నాను. ఈ వారమంతా తీసుకో. మాలో ఎంతమందికి ఉంటుంది చెప్పు అంత మనసు?"

డూగల్ ఫోన్ పెట్టేశాడు. ఆటపెట్టెకు కూడా కౌన్సిల్ సెలవిస్తుందని అతనికి ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదు. కార్మిక సంఘం సాధించి ఉంటుందనుకుని, ఆ సంఘాన్ని తిట్టినందుకు కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

పది దాటాక వీధిలో ట్రక్కు ఆగింది. రోడ్ల విభాగంలో అతనితో పనిచేసే మిక్, ఇంకో ఇద్దరు దిగారు. ట్రక్కు నిండా చెక్కలు. పలకరింపుగా చెయ్యూపి, నేరుగా పెరట్లోకి వెళ్లి వెనక వసారా మెట్ల దగ్గర కొలతలు తీసుకోవడం మొదలుపెట్టారు. డూగల్ ఆటపెట్టె చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. ఇంతమంది సాయం చేస్తుంటే ఎందుకని అడగడం మర్యాదగా ఉండదనిపించింది.

"పెద్దాయన పొడుగెంత గురూ?" అని అడిగాడు మిక్.

డూగల్ తెరవైపు చూశాడు. టోబయాస్ పడవ అంచున కూర్చుని ఉన్నాడు. "వేలిగోరంత" అన్నాడు.

"వయసొస్తే అందరం కుంగుతాంలే గానీ, సరిగ్గా చెప్పు. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ ఎంత ఎత్తున పెట్టాలో తెలియాలి. రేపు విమానం దిగేసరికి బిగించేస్తాం."

"ఏ విమానం?"

"కింగ్ ఐలండ్ విమానం. మీ ఆవిడ వాళ్ల మామయ్యను తీసుకొస్తోంది కదా, నీ దగ్గర ఉండటానికి. క్లెమ్. కాకతువ్వాయన." మిక్ అతని భుజం తట్టాడు. "ఎవరి కోసమైనా ఇంత చేస్తావనుకోలేదు గురూ. నేను నిన్ను వేరేగా అనుకునేవాణ్ణి."

డూగల్ అక్కడే ఉన్న బీరు పీపా మీద కూర్చుండిపోయాడు. రేలీన్ తల్లి తమ్ముడు క్లెమ్. దీవి ఒడ్డున సముద్రపు నాచు ఏరి అమ్ముకుని బతికిన మనిషి. వాళ్లింట్లో ఆయన్ను అందరూ పెద్దాయన అనే అంటారు. నెలల నాటి భోజనాలు ఒక్కసారిగా అతని చెవుల్లోకి వచ్చిపడ్డాయి. పెద్దాయన జారిపడ్డాడని చెప్పింది. ఆటలో అనుకున్నాడు. వెనక వసారా గది ఖాళీ చేస్తే సరిపోతుందా అంది. ఊఁ అన్నాడు. నీ బీరు సామాను ఎక్కడ పెట్టుకుంటావు అని కూడా అడిగింది. అదేమంత పెద్ద విషయం అన్నాడు. ఎలుగుబంటిలా గురకపెడతాడు, రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు, నీకు పడదేమో ఆలోచించుకో అంది. "పాపం, రానీ" అన్నాడు. ఆ 'పాపం' తనే స్వయంగా చేర్చాడు.

రేలీన్‌కు ఫోన్ చేసి ఆపమనొచ్చు. కానీ ఎందుకు ఆపమంటున్నావంటే ఏం చెప్పాలి? ఇన్నాళ్లూ నువ్వు చెప్పింది ఒక్క ముక్క వినలేదని ఒప్పుకోవాలి. అంటే ఈ ఇంట్లో ఇక భోజనాల దగ్గర ప్లేట్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఇంతలో పెరట్లో మొదటి మేకు దిగింది.

ఆ సాయంత్రంలోగా వసారా గది అతనే ఖాళీ చేశాడు. పీపాలూ గొట్టాలూ సీసాలూ మిక్ ట్రక్కులోకి ఎక్కాయి. వాటి మీద మిక్ కన్ను చాలా కాలంగా ఉంది. మంచానికి దుప్పటి పరిచి, కిటికీ పక్కన పంజరం వేలాడదీస్తుంటే, చూడవచ్చిన గ్లెండా కళ్లొత్తుకుంది.

మంగళవారం విన్‌యార్డ్ విమానాశ్రయానికి వెళ్లాడు. చిన్న విమానంలోంచి క్లెమ్ ఎవరి సాయం లేకుండా దిగాడు. ఆరడుగుల పైన మనిషి, చేతులు పడవ తెడ్లలా ఉన్నాయి. గాలి కన్నాలున్న డబ్బాలోంచి కాకతువ్వ అందర్నీ తిడుతోంది. రేలీన్ కళ్లు ఉబ్బి ఉన్నాయి. డూగల్‌ను చూసి నవ్వింది గానీ, ఆ నవ్వు ఎటూ కుదురుకోలేదు.

కారెక్కాక క్లెమ్ అసలు సంగతి ఎత్తాడు. "అబ్బాయ్, నేను రానన్నాను. నా మోకాళ్లకేం కాలేదు. ఇద్దరు మేనకోడళ్లూ కలిసి నన్ను రోగిని చేశారు. నువ్వు కొట్లో నిలబడి నాకోసం ఏడ్చావని ఆదివారం చెప్పారు. ఓ మగాడు ఏడ్చాక కాదంటే ఏం బాగుంటుంది?"

"బాగుండదు మామయ్యా" అన్నాడు డూగల్.

ఇంటికి రాగానే రేలీన్ వెనక మెట్ల మీద కొత్త చెక్కల వాలు దారి, గోడకు కడ్డీ, ఖాళీ అయిన గది, పంజరం, నిండిపోయిన ఫ్రిజ్, ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లింది. క్లెమ్ పెరట్లో వాలు దారి మీద పైకీ కిందికీ నడుస్తూ చెక్క నాణ్యత గురించి మిక్‌కు పాఠం చెబుతున్నాడు. వంటింట్లో భార్యాభర్తలు ఇద్దరే మిగిలారు. ఆమె అతని చొక్కా పట్టుకుని, "ఇన్నాళ్లూ నువ్వు వినడం లేదేమోనని అనుమానపడ్డాను. చెల్లితో కూడా అన్నాను. నన్ను క్షమించు" అంది.

డూగల్ తట్టుకోలేకపోయాడు. ఊరంతా పొగిడితే ఓర్చుకున్నాడు గానీ, ఈమె క్షమించమంటే అతని వల్ల కాలేదు. ఎంతో కొంత నిజం చెప్పేస్తే భారం దిగుతుందనుకుని, చిన్న తప్పు ఎంచుకున్నాడు.

"నీకో సంగతి చెప్పాలి. నీ ఆట చెరిపేశాను. మూడు రోజులుగా మళ్లీ మొదట్నుంచి ఆడుతున్నాను, నీకు తెలియకుండా."

"ఏ ఆట?"

"ఆఖరి పడవ."

"అదా? అది ఈస్టర్‌కు ముందే అయిపోయింది కదా. అయిపోయిందని నీకు చెప్పాను. మర్నాడు వేరే క్యాసెట్ కొందామంటే ఊఁ అన్నావు కూడా." ఆమె నవ్వబోయి ఆగింది. "ఈస్టర్ నుంచీ నేను చెబుతున్నదంతా మామయ్య సంగతే."

రేలీన్ చొక్కా వదిలేసింది. అతని ముఖంలోకి నింపాదిగా చూసింది.

"మరి నువ్వు దేనికి ఊఁ కొట్టావు?"

"దీపస్తంభం ముసలాయన అనుకున్నాను."

ఆమె కుర్చీలో కూలబడింది. తిడుతుందనుకున్నాడు. ఇక జీవితాంతం ఉప్పు అడగడానికి మూడో మనిషి కావాలనుకున్నాడు, ఆ మూడో మనిషి పెరట్లోనే ఉన్నాడని కూడా తట్టింది. రేలీన్ మాత్రం రెండు చేతుల్లో తల పట్టుకుంది.

"నాకు ఆయన్ని తెచ్చుకోవడం ఇష్టం లేదు" అంది చివరికి.

"ఏంటీ?"

"చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా ఆయన గురక పక్క గదిలో పడుకున్నాను. సొంత మామయ్యను రావొద్దని నేనెలా అంటాను? నువ్వనొచ్చు. గురక గురించి చెప్పాను, వాగుడు గురించి చెప్పాను, నీ బీరు సామాను పోతుందని కూడా చెప్పాను. ఒక్కసారి వద్దంటావని రోజూ ఎదురుచూశాను. నువ్వు వద్దంటే మనం కొట్లాడుకునేవాళ్లం. నేను ఏడ్చేదాన్ని. ఏం చెయ్యను, మా ఆయన ఒప్పుకోవడం లేదని వాళ్లకు చెప్పేదాన్ని. ఆదివారం ఫోన్‌లో కూడా అందించాను కదా మాట నీ నోటికి."

"అంటే నన్ను చెడ్డవాణ్ణి చేద్దామనుకున్నావా?"

"ముప్పయ్యేళ్ల కాపురం. ఆ మాత్రం పనికి రావా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంక నీకేదీ చెప్పనని అనడానికి రేలీన్ నోరు తెరిచింది, కానీ ఆ మాట అనే హక్కు తనకు పెద్దగా మిగల్లేదని తెలిసి మూసేసుకుంది. బదులుగా నవ్వొచ్చింది. నవ్వుతూ ఏడ్చింది. డూగల్ బీరు తెద్దామని లేచి, వసారా గుమ్మం దాకా వెళ్లి, అక్కడ కాకతువ్వ తప్ప ఏమీ లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు.

ముగ్గురిలో ఒక్కరికీ ఇష్టం లేని పనిని ముగ్గురూ కలిసి ఇంత పద్ధతిగా పూర్తిచేశారు. వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు. వాలు దారికి మేకులు దిగాయి, తెచ్చిన వంటలు కడుపుల్లోకి వెళ్లాయి, వచ్చే నెల చర్చి పత్రికలో డూగల్ ఫోటో వేస్తామన్నారు. క్లెమ్ స్థిరపడిపోయాడు. రేలీన్ చెప్పినట్టే గురకపెడుతున్నాడు, చెప్పినట్టే మాట్లాడుతున్నాడు. చెప్పనిది ఒక్కటే, బాగా మాట్లాడతాడు. నాచు బండి ఈడ్చిన గుర్రాల గురించీ, మునిగిన పడవల గురించీ ఆయన మొదలుపెడితే డూగల్ ఫోన్ పక్కన పెట్టేస్తున్నాడు.

ఇప్పుడు భోజనాల దగ్గర రేలీన్ ఎవరి సంగతైనా ఎత్తిందంటే, డూగల్ చెంచా కింద పెట్టి, ఆ మనిషికి మన ఇంటి అడ్రసు తెలుసా అని ముందుగా అడుగుతున్నాడు.